మిషన్ ఒప్పుకోని చార్జర్

అక్టోబరు 3, శుక్రవారం

మిషన్ లేవలేదు. పొద్దున్న పద్మ వచ్చి ఆఫీసు తెరిచి, లాప్‌టాప్‌కి చార్జర్ గుచ్చింది, బటన్ నొక్కింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ప్లగ్గు మార్చింది. వైరు అటు తిప్పింది, ఇటు తిప్పింది. చార్జర్ డబ్బా మీద పచ్చ లైటు కాసేపు వెలుగుతోంది, కాసేపు ఆరిపోతోంది.

"నిన్న ఎవరైనా ముట్టుకున్నారేటండి మేడమ్ గారూ?"

చూశావా. నేను అడగాల్సిన ప్రశ్న తను ముందు అడిగేసింది. ముందు అడిగినవాళ్ల మీదకి రాదని కాబోలు.

నిన్న దసరా పండగ. తను వాళ్ల అమ్మగారి ఊరు వెళ్లింది. పూజ నేనొక్కదాన్నే చేసుకున్నాను. లాప్‌టాప్, చార్జర్, ప్రింటరు, కాలిక్యులేటర్, చివరికి స్టేప్లర్ కూడా వదల్లేదు — అన్నిటికీ గంధం, పసుపు, కుంకుమ. ఎప్పుడూ పద్మ చేసే పని. తను మొక్కుబడిగా ఒక్కో చుక్క పెట్టి వదిలేస్తుంది. నేను నిండుగా పెట్టాను. అంత బాగా పూజ చేసిన మర్నాడే ఇలాగా?

బుధవారం సాయంత్రం మిషన్ మూసి, చార్జర్ చుట్టి, సంచిలో పెట్టింది ఎవరు? పద్మ.

బ్యాటరీ పోయి రెండేళ్లయింది. తీగ ఉంటేనే మిషన్, లేకపోతే ఇనప పలక. కొత్తది కొనమంటారు అందరూ. పాతది ఎందుకు వదలనో అందరికీ చెప్తానా?

వచ్చే ఆదివారం, పన్నెండున, రోలుగుంటలో పెళ్లిచూపులు. సంబంధాలు చూసేదాన్ని కనక ఇవ్వచ్చో లేదో నేను చెప్పాలి. సన్యాసినాయుడి కూతురు హైమ, స్టాఫ్ నర్సు. అబ్బాయి కిశోర్, కోటవురట్ల, గ్రామ సచివాలయంలో సర్వే పని. జీడిపిక్కల వ్యాపారం ఉన్న ఇల్లు. ఆ ఇంటికి నేను రెండేళ్ల కిందట వెళ్లాను, అబ్బాయి వివరాలు రాసుకోవడానికి. తిరిగొచ్చి ఆ ఇంటి గురించి ఏదో రాయించాను. మంచిమాట కాదు, అంతవరకు గుర్తు. ఏం మాటో గుర్తు రావడం లేదు.

అది మిషన్‌లో ఉంది.


అక్టోబరు 4, శనివారం

ఒక్క నిమిషం లేచింది! పద్మ వైరు మెలిపెట్టి పట్టుకుంటే తెర వెలిగింది. నల్ల తెర మీద ఏదో ఇంగ్లీషు.

"ఏటంటందే?"

"ఈ చార్జర్ ఏ రకమో తనకి తెలీట్లేదు అని సెప్తందండి."

"తొమ్మిదేళ్లుగా గుచ్చుతున్నదే కదా. తెలీకపోడమేటి?"

"మరేటోనండి…"

ఆరిపోయింది. ఆ తర్వాత డబ్బా మీద పచ్చలైటు కూడా రాలేదు.

మిషన్ తనంతట తాను చెప్పింది — ఇది నాది కాదు అని. మనుషులు అబద్ధం చెప్తారు. మిషన్‌కి ఏం అవసరం?

పద్మ కూతురు పుష్ప పాలిటెక్నిక్ చదువుతోంది. పోయిన నెల ఎవరి దగ్గరో సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొన్నారు. మా మిషన్ కంపెనీదే. పద్మే చెప్పింది, సంతోషంగా. నేనూ సంతోషించాను. చార్జర్ సంగతి అడగడం అప్పుడు తోచలేదు.

రాసుకుంటున్నాను, అంతే. ఇంకా ఏమీ అనలేదు.


అక్టోబరు 5, ఆదివారం

పద్మ రాదు ఈవేళ. చార్జర్‌ని కిటికీ దగ్గర వెలుగులో పెట్టి చూశాను. మాది కొంచెం పెద్దదిగా ఉండేదనిపిస్తోంది. వైరు మీద ఈ నల్ల టేపు చుట్ట ఎప్పటిది? మాదానికి ఉండేదా? కుడికంట్లో పొర వచ్చాక ఏదీ సరిగ్గా చూసిందే లేదు. చూడనివాళ్ల దగ్గర మార్చడం ఎంత సులువు.

నాకు వస్తువు పోయిందన్న బాధ లేదు. చివరి గడి గురించే బాధ. పేరు, నక్షత్రం, గోత్రం, చదువు, జీతం — ఇవన్నీ ఏ బ్యూరోలోనైనా ఉంటాయి. చివరి గడి 'పరిశీలన' నా ఒక్కదాని దగ్గరే ఉంటుంది. ఇంటికి వెళ్లి కూర్చుని, మజ్జిగ తాగి, నాలుగు గోడలూ చూసి వచ్చాక నేను చెప్తాను, పద్మ టైపు చేస్తుంది. ఎనిమిది వందల పైచిలుకు ఇళ్లు. 'తాగేది ఫంక్షన్లలో మాత్రమే' అని రాసిచ్చినవాడికి వారంలో ఎన్ని ఫంక్షన్లో నాకు తెలుసు. 'సంప్రదాయ కుటుంబం' అని రాస్తే కోడలు ఉద్యోగం మానేయాలని అర్థం. ఆ అక్షరాలు నాకు ఆనవు. కావలసినప్పుడు పద్మ చదివి వినిపిస్తుంది.

పెన్‌డ్రైవ్‌లో కూడా పెట్టుకుందామని పదిసార్లు అంది. "ఇంకో సోట కూడా ఉండాలండి." ఎందుకుండాలి? బొడ్లో దోపుకుని పోయేంత దాంట్లో ఎనిమిది వందల ఇళ్ల గుట్టు పెడతారా ఎవరైనా? పుస్తకంలో రాసుకున్న రోజుల్లో ఒకావిడ నేను కాఫీ కలిపి తెచ్చేలోపు రెండు పేజీలు చదివేసింది. ఊరంతా గొడవ. అందుకే మిషన్, అందుకే పాస్‌వర్డు. నాకూ పద్మకీ తప్ప తెలియదు.

నాకూ పద్మకీ.

నా పెళ్లి కుదిర్చినాయనకి అన్నీ తెలుసు. నన్ను కట్టుకున్నాయనకి తునిలో అప్పటికే ఒక సంసారం ఉందని, ఒక బిడ్డ ఉందని. తాంబూలం తీసుకుని, లడ్డూ తిని, నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. నాకు తెలిసేసరికి ఏడాదిన్నర. ఇంటికొచ్చేశాను. అందుకే ఈ పనిలోకి వచ్చాను. ఏ ఆడపిల్లా కళ్లకి గంతలు కట్టుకుని వెళ్లకూడదని. ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు, తగ్గదు కూడా.

హైమ మొన్న ఫోన్ చేసింది. "పెద్దమ్మా, మీరు సరే అంటే నాకు సరేనండి." అంత నమ్మకం. ఆ ఇంటి గురించి నేనేం రాయించానో నాకే తెలియదని ఆ పిల్లకి ఎలా చెప్పను!


అక్టోబరు 6, సోమవారం

సెంటర్లో రాజు షాపుకి వెళ్లాను. పాత చార్జర్ చూపించాను. చేతిలో అటూ ఇటూ తిప్పి బల్ల మీద పడేశాడు.

"ఇది పోయిందమ్మా. కొత్తది ఇస్తాను, కంపెనీదే."

"కంపెనీదేనని నమ్మకమేటి?"

"అదే ఓల్టు, అదే ఆంపియర్, మిషన్లో గుచ్చే సూది కూడా అదే. సూసుకోండి."

చూసుకున్నాను. వేలు పెట్టి ఒక్కో అంకె చదివించుకున్నాను. పంతొమ్మిదిన్నర వోల్టులు — పాతదాని మీదా అంతే. గణాలు కలిశాయి, నాడి కలిసింది. కానీ కంపెనీ పేరు అక్షరాలు కాస్త లావుగా లేవూ? చేతికి తేలిగ్గా కూడా ఉంది.

"తేలిగ్గా ఉందేటి బాబూ?"

"ఇప్పుడన్నీ తేలికేనమ్మా. మనుషులే బరువైపోతన్నారు."

నన్నే అన్నాడు. నవ్వాడు కూడా. బేరం కుదిరిపోయిందనుకున్న ప్రతివాడూ అలాగే నవ్వుతాడు. తెచ్చుకున్నాను, ఏం చెయ్యను.

ఇంకో సంగతి. "పద్మక్క బాగుందా?" అని అడిగాడు. వీడికి పద్మ ఎలా తెలుసు?


అక్టోబరు 7, మంగళవారం

కొత్తదీ అంతే. ఒక్కసారి వెలిగింది, అదే మాట — ఈ చార్జర్ ఏ రకమో తెలియదు. తర్వాత చీకటి.

రాజు పద్మకి వరసకి మేనమామ కొడుకు. అడిగితే చెప్పింది, దాచలేదు. తొమ్మిదేళ్లలో ఎప్పుడూ చెప్పలేదు మరి? "మీరు అడగలేదు కదండీ" అంది.

నా నోరు ఆగలేదు. రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తాను. నేను అన్నది ఇది:

"మిషనే సెప్తంది కదే పద్మా, ఇది నాది కాదని. అసలుది మీ పుష్ప దగ్గరుంది. నా సంచిలో డూప్లికేటు పెట్టావు. మీవాడు ఇంకో డూప్లికేటు అంటగట్టాడు."

పద్మ కొత్త చార్జర్ చేతిలోకి తీసుకుంది. తర్వాత మెల్లగా—

"మరి కొత్తదాన్ని కూడా కాదంటంది కదండీ మిషను. లోపం మిషన్లో ఉందేమో సూపించుదారండి."

"నాకు పాఠాలు సెప్పకు."

టిఫిన్ బాక్సు తీసుకుంది, గొడుగు తీసుకుంది. బొడ్లోంచి ఆఫీసు తాళం తీసి కాలిక్యులేటర్ పక్కన పెట్టింది. గుమ్మం దగ్గర తిరిగి చూసింది.

"పుష్ప మిషన్‌కి సూది ఏరే రకమండి. పట్టదు."

అంతే. ఒక్క కన్నీటి చుక్క లేదు, ఒక్క అరుపు లేదు. తప్పు లేనివాళ్లు అరవరా? నేనైతే వీధి అదిరిపోయేలా అరిచేదాన్ని.


అక్టోబరు 8, బుధవారం

పద్మ రాలేదు. వస్తుందనుకోలేదు. పదింటికి రెండుసార్లు గుమ్మం వైపు చూశాను, అలవాటు కొద్దీ.

మధ్యాహ్నం సన్యాసినాయుడి ఫోన్. నన్ను అక్క వరసన అప్పా అంటాడు.

"అప్పా, ఆళ్ల ఇల్లు మంచిదే కదా? మీ కంపూటర్లో అంతా ఉంటాదని మాయావిడ ఒకటే గోల."

"ఉంటాది."

"మరి సూసి బేగి సెప్పీండప్పా. ఆదివారం తాంబూలాలు కూడా మార్చీసుకుందామంటన్నారాళ్లు."

చూపులనాడే తాంబూలాలా? అంత తొందరేమిటి ఆ ఇంటికి? ఏదో ఉంది. నేను రాయించాను కూడా. ఏమిటది… అత్తగారి గురించా? పెద్దకొడుకు గురించా? వాకిట్లో జీడిపిక్కలు ఎండబోసి ఉన్నాయి. నల్లకుక్క ఉంది. మజ్జిగలో ఉప్పెక్కువైంది. ఇవన్నీ గుర్తున్నాయి, కావలసింది తప్ప!

ఒక్కటి మాత్రం తేల్చుకున్నాను. మిషన్‌ని ఎవరి దగ్గరా వదిలేది లేదు. రాజుని ఫోన్లో అడిగితే "సాయంత్రం దాకా పెట్టి ఎల్లండి" అన్నాడు, సాయంత్రం దాకా వాడు ఏం చదువుకుంటాడు?


అక్టోబరు 9, గురువారం

బస్ కాంప్లెక్స్ వెనక సందులో అప్పారావు గారి దగ్గరకి వెళ్లాను. రేడియోల కాలం నుంచి ఉన్న మెకానిక్కు. ఒళ్లో మిషన్, చేతిలో రెండు చార్జర్లు.

"పెట్టి ఎల్లండమ్మా, సూస్తాను."

"పెట్టను. ఇక్కడే కూర్చుంటాను. నా ముందే సూడండి."

"కూకోండి. నానేటి మిషన్ని మింగీను కదా."

స్టూలు వేశాడు. కొత్త చార్జర్‌కి మీటరు పెట్టాడు. బాగుందన్నాడు. పాతదానికి పెట్టాడు. పోయిందన్నాడు. తర్వాత పాతదాని సూదిని భూతద్దంలో చూసి, మెడ వంచి నా వైపు చూశాడు. తెల్లకాగితం పరిచి, సూదిని దాని మీద టకటకా కొట్టాడు.

పచ్చని పొడి రాలింది.

వాసన చూశాడు. "పసుపమ్మా. గంధం కూడా ఉన్నట్టుంది."

కాగితం నా వైపు జరిపాడు.

"సూది మజ్జిలో సన్నపు ముల్లుంటాది సూడండి. ఈ చార్జర్ మనదేనని మిషన్‌కి సెప్పీది ఆ ముల్లే. దాని నోట్లో పసుపు కుక్కీసారు. తడి మీద ప్లగ్గులో పెట్టీసరికి పాతది కాలిపోయింది. ఆ పసుపు మిషన్ సాకెట్లోకి కూడా దిగిపోయింది. ఇంక కొత్తదాన్ని మాత్రం ఎలా పోల్చుకుంటాదమ్మా?"

ఆ పొడి వేలికి అంటించుకుని నేనూ వాసన చూశాను.

"దసరా ఎల్లిన వారం నాకు ఇదే బేరం. మొన్నొకాయన ఇన్వర్టర్ మీద కొబ్బరికాయ కొట్టీసాడు."

పకపకా నవ్వాడు. నేను నవ్వలేదు. ఉంగరపు వేలు ముంచి, ఆ సూదిని తడి పసుపు గిన్నెలో తిప్పి, నిండుగా ఉందని మురిసిపోయిన మనిషిని నేనే.

అప్పుడు కూడా అడిగాను, సిగ్గు లేకుండా: "ఇది మా పాత చార్జరేనా? ఎవరూ మార్చలేదు కదా?"

"ఈ నల్లటేపు నాను సుట్టిందేనమ్మా. మూడేళ్లైంది. మీ పద్మమ్మే పట్టుకొచ్చింది, వానలో తడుసుకుంటా. బేగి ఇచ్చీండి, మేడమ్ గారికి పనాగిపోతాదని."

సాకెట్‌ని సన్నటి బ్రష్షుతో, ఏదో మందుతో కడిగాడు. గంటసేపు ఆరాలన్నాడు. ఆరేదాకా అక్కడే కూర్చున్నాను. కొత్త చార్జర్ గుచ్చితే మిషన్ లేచింది. ఏ రకమో తెలియదన్న మాట ఈసారి అనలేదు. భూతద్దం కూడా అడిగి తెచ్చుకున్నాను. ఇంక చదివిపెట్టేవాళ్లు లేరు కదా.


అక్టోబరు 10, శుక్రవారం

ఎక్కడ మొదలుపెట్టను.

పొద్దున్న ఏడింటికి తలుపు వేసుకుని కూర్చున్నాను. భూతద్దం తెరకి ఆనించి ఒక్కో గడీ. కోటవురట్ల ఇల్లు దొరికింది. పేరు, నక్షత్రం, జీతం అన్నీ ఉన్నాయి. పరిశీలన గడిలో—

'మళ్లీ కనుక్కోవాలి.'

అంతే! రెండు మాటలు. నేను ఇలా చెప్పలేదు. నేను 'కనుక్కోవాలి' అనే మనిషిని కాదు, కనుక్కుని వచ్చాకే చెప్తాను. గట్టి మాట ఏదో చెప్పాను, కచ్చితంగా చెప్పాను.

ఆ మధ్య చోడవరం సంబంధం అప్పుడు కూడా ఇలాగే. పద్మ చదివింది, "మళ్లీ కనుక్కోవాలి అని రాసామండి." "నానలా సెప్పానా?" అంటే "సెప్పారు కదండీ" అంది. వయసైపోయిందని సరిపెట్టుకున్నాను. వయసు కాదు. మోసం. నా గడిలో నా మాట లేదు.

ఒళ్లు మండిపోయింది. చార్జర్ దొంగ కాకపోతేనేం, మాట దొంగ! నా అనుమానం నిజమేనని ఒక్క క్షణం సంతోషం కూడా వేసింది — ఇక్కడ అబద్ధం రాసి ఏం లాభం. అన్ని గడులూ చూద్దామని జాబితా మొదటికి వెళ్లాను.

మాకవరపాలెం ఇల్లు. నేను చెప్పింది గుర్తుంది — తండ్రి తాగుబోతు, వద్దు. గడిలో: 'మళ్లీ కనుక్కోవాలి. కనుక్కున్నాను. తాగేది ఈయన కాదు, ఇదే పేరున్న పక్కింటాయన.' ఆ పెళ్లి అయింది. నేనే చేశాను. బాబు కూడా పుట్టాడు.

ఏటికొప్పాక అమ్మాయి. లక్కబొమ్మలు చేసేవాళ్ల ఇల్లు. పలకరిస్తే తల తిప్పుకుంది, పొగరు అని చెప్పాను. గడిలో: 'కనుక్కున్నాను. ఎడం చెవి వినపడదు. పెళ్లివారికి ముందే చెప్పించాను. పరవాలేదన్నారు.'

ఇలా ఎన్నో. కొన్నిటికి 'కనుక్కున్నాను, మేడమ్ గారు చెప్పింది నిజమే' అని కూడా ఉంది. ఎప్పుడు వెళ్లింది ఇన్ని ఇళ్లకి? ఆదివారాలా? సెలవు పెట్టిన రోజులా? పండక్కి అమ్మగారి ఊరు అన్నప్పుడా?

తర్వాత అనకాపల్లి అబ్బాయి. ఇది మరిచిపోను, బంగారంలాంటి ఇల్లు, కళ్లు మూసుకుని ఇవ్వచ్చు అని చెప్పాను. ఆ తల్లి నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది, ఆ మంచితనానికి కరిగిపోయాను. తర్వాత ఏమైందో, "ఆళ్లు ఏరే సంబంధం సూసుకున్నారంటండి" అంది పద్మ. గడిలో—

'కనుక్కున్నాను. వద్దు. మొదటి పెళ్లి దాచారు.'

భూతద్దం కింద పెట్టేశాను.

నా కళ్ల ముందే. నాకు జరిగిందే. నా చేత్తో ఒక పిల్లని పంపించేసేదాన్ని. లడ్డూ తిని నవ్వుకుంటూ బయటికి వచ్చేదాన్ని. అనుమానం తప్ప ఇంకేమీ లేనిదాన్ని కదా, ఆవేళ అదెక్కడికి పోయింది?

ఏడ్చాను. చాలాసేపు.

నాకు ఎందుకు చెప్పలేదు పద్మా? చెప్తే నేను ఊరుకునేదాన్నా. అందుకే చెప్పలేదు.


అక్టోబరు 11, శనివారం

పెదబొడ్డేపల్లి వెళ్లాను, పద్మ ఇంటికి. తొమ్మిదేళ్లలో ఇది రెండోసారి. ఎనిమిది వందల ఇళ్లు తిరిగినదాన్ని.

పుష్ప తలుపు తీసింది. నవ్వలేదు. లోపల స్టూలు మీద దాని లాప్‌టాప్ ఉంది, చార్జర్ గుచ్చి ఉంది. నా కళ్లు ముందు దాని మీదకే పోయాయి. సూది పలకగా ఉంది, మాదాంట్లో పట్టదు. అది చూడకుండా లోపలికి వెళ్లలేకపోయాను… నా బుద్ధి అంతే.

పద్మ చాప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. తలెత్తలేదు. కూర్చోమనలేదు. నేనే కూర్చున్నాను.

"మిషన్ లేసింది."

"మంచిదండి."

"సూదిలో పసుపు. నేనే పెట్టాను."

ఇప్పుడు తలెత్తింది. "సూదికి పెట్టారా? నాను డబ్బా మీద పెట్టీదాన్నండి బొట్టు, అదీ పొడిది. సూదికెవులెడతారండి?"

పెదవి కొరుక్కుంది. నవ్వు ఆపుకోడానికో, ఏడుపు ఆపుకోడానికో. క్షమించమనే మాట నోటి దాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. ఎంతమంది వియ్యపురాళ్ల మధ్య రాజీ కుదిర్చానో, నాకు ఆ ఒక్క మాట రాలేదు.

"గడులన్నీ సూసాను పద్మా."

చేతిలో గింజ చేతిలోనే ఉండిపోయింది. భయపడింది. నేనంటే భయం — అది చూసి నా మీద నాకే అసహ్యం వేసింది.

"తిట్టడానికి రాలేదు. కోటవురట్ల ఇల్లు. నేనేటి రాయమన్నాను?"

"పెద్దకోడలు నోరు విప్పలేదు, కళ్లు ఎర్రగా ఉన్నాయి, కొడతన్నారు కాబోలు, ఆ ఇంట్లో పిల్లనివ్వొద్దు — అన్నారండి."

అవును! ఆ పిల్లే. మజ్జిగ గ్లాసు నా ముందు పెట్టి గోడవైపు తిరిగిపోయింది. గుర్తొచ్చింది.

"మరలా ఎందుకు రాయలేదు?"

"మీరు సూసింది ఎర్రకళ్లేనండి. కళ్లకలకేమో, ఉల్లిపాయలు కోసిందేమో. నిజంగానే కొడతన్నారేమో. తెలీకుండా రాసీస్తే అదే నిజమైపోద్ది కదండీ, మిషన్లో."

"కనుక్కున్నావా?"

"రెండుసార్లు ఎల్లానండి. ఒకసారి పుట్టింటికెల్లిందన్నారు. ఇంకోసారి అత్తగారు పక్కన్నుంచి కదల్లేదు." ఇంకో గింజ తీసింది. "రేపు ఆళ్లంతా రోలుగుంట ఎల్తారు. పెద్దకోడలు ఇంటికాడ ఒక్కర్తే ఉంటాది, పిక్కలకి కాపలా. రేపు ఎల్దామనుకున్నాను. మీరు పన్లోంచి తీసీక ముందు."

నేను తీసేయలేదు, నువ్వే తాళం పెట్టి వెళ్లిపోయావు — అనబోయాను. అనలేదు. ఈ జన్మలో నేను మింగిన మొదటి మాట అదే అనుకుంటాను.

తాళం తీసి చింతపండు పళ్లెం పక్కన పెట్టాను. తీసుకోలేదు. తోసెయ్యనూ లేదు.

"రేపు ఎనిమిదిన్నర బస్సుకి ఎల్తన్నాను" అన్నాను.

"ఎల్లిరండి."

ఎల్లిరండి అంటే? నువ్వు వెళ్లు, నాకేం అనా? దోవ తప్పకుండా వెళ్లమనా? ఇంటికొచ్చిందాకా అదే ఆలోచన.

సాయంత్రం సన్యాసినాయుడికి ఫోన్ చేశాను. వాయిదా వేయమన్నాను.

"ఇప్పుడెలాగప్పా? సుట్టాలకి సెప్పీసాం. ఇయ్యొచ్చా, ఇయ్యకూడదా, ఒక్కమాట సెప్పీండి."

"ఇంకా కనుక్కోలేదు."

పదహారేళ్లలో నా నోట ఈ మాట ఎవరూ వినలేదు.

"రేపు మజ్జాన్నం సెప్తాను. చూపులు సూసుకోండి, భోజనాలు పెట్టండి. నేను ఫోన్ సేసీదాకా తాంబూలం పళ్లెం మాత్రం బయటికి తియ్యొద్దు."

"మీరు రారా అయితే?"

"నేను కోటవురట్ల ఎల్తన్నాను."


అక్టోబరు 12, ఆదివారం

బస్సులో రాస్తున్నాను. ఇంజన్ ఆన్ చేసి ఉంచాడు, అక్షరాలు వణుకుతున్నాయి. కిటికీ పక్క సీటు నాది. పక్క సీట్లో సంచి పెట్టాను.

హైమ మెసేజ్ పెట్టింది. 'పెద్దమ్మా, ఏ చీర కట్టుకోను?' రెండు ఫోటోలు. ఆకుపచ్చది, అన్నాను. పిల్ల చేతులకి గోరింటాకు ఉంది ఫోటోలో.

ఆ పెద్దకోడలు తలుపు తీస్తుందా? తీసినా నాకు చెప్తుందా? నా మొహం చూసి ఎవరూ ఏదీ చెప్పరు, పోలీసుని చూసినట్టు చూస్తారు. పద్మకి చెప్తారు. చింతపండు గురించో, పిల్లల చదువు గురించో మొదలుపెడుతుంది, వాళ్లే చెప్పేస్తారు. ఒకటి రెండుసార్లు చూశాను, పనికిమాలిన కబుర్లు అని విసుక్కున్నాను కూడా.

ఎనిమిది ఇరవై.

ఒకావిడ బుట్టతో ఎక్కింది. "ఇక్కడ ఎవులైనా ఉన్నారేటమ్మా?"

"ఉన్నారు" అన్నాను.

కాంప్లెక్స్ గేటు దాకా చూశాను. పూలమ్మి ఉంది, ఆటోలున్నాయి. గొడుగు వేసుకుని ఎవరో వస్తున్నారు… కాదు.

తాళం తోసెయ్యలేదు కదా. తీసుకోనూ లేదు. 'ఎల్లిరండి' అంది. రానంటే రానని చెప్పేది, పద్మ అబద్ధం చెప్పదు. చెప్తుంది, తొమ్మిదేళ్లు చెప్పింది. ఆ అబద్ధాలే నా పరువు నిలబెట్టాయి.

ఎనిమిదిన్నర. కండక్టరు వచ్చాడు. ఆధార్ చూపించాను, ఆడవాళ్ల ఉచిత టికెట్ ఇచ్చాడు. పక్కకి చూశాడు.

"ఈ సీటు ఎవరిదమ్మా? ఆవిడ నిలబడిపోయింది, సంచి తియ్యండి."

"మా మనిషి వస్తుంది."

"ఎక్కడుంది?"

"వస్తుంది బాబూ. ఒక్క నిమిషం."

డ్రైవరు గేరు వేశాడు. సంచి తియ్యలేదు.